తూదా తూకం

వాన పడని చోట రాళ్ళకు ఓపిక ఎక్కువ.
మొరాకో తూర్పు అంచున, హమాదా మైదానంలో
మేకల వెనక నడుస్తూ
తూదా నేలను చదువుతుంది.
అక్షరం ముక్క రాదామెకు.
నేలది లేత గోధుమ రంగు.
దాని మీద నల్లగా ఏదైనా కనబడితే
మేకలు ముందుకు పోతాయి, ఆమె ఆగుతుంది.

తెల్లనివన్నీ పాలు కానట్టే
నల్లనివన్నీ నింగివి కావు.
కొన్ని ఏనాటిదో అగ్నిపర్వతం ఉమ్మినవి,
కొన్ని కొలిమి వదిలిన చిట్టెం.
ఒకసారైతే లారీ టైరు ముక్క, ఎండకు బిగిసి రాయైపోయింది.
దాన్ని రెండు రోజులు మోసింది.
ఆ సంగతి మనవడు ఇద్దర్ ఇప్పటికీ అందరికీ చెబుతాడు.

రాత్రి గీత గీసి ఆరిపోయే చుక్కల్లో
చాలావరకు ఇసుకరేణువంతవే. గాలే వాటి చితి.
కాస్త పెద్దవే కింద దాకా వస్తాయి,
గోరంత మందం లేని నల్ల తొక్క కప్పుకొని.
ఆ మంట లోపలికి పోదు, పోయేంత వ్యవధి దానికి లేదు.
తొక్క మీద బొటనవేళ్ళ నొక్కులుంటాయి,
రొట్టెపిండితో పిల్లలు ఆడి వదిలేసినట్టు.
విరిస్తే లోపల కూస్‌కూస్ గింజల్లాంటి గుండ్రాలు.
చేతికెత్తుకుంటే
కన్ను అనుకున్నదానికన్నా బరువు.

ఇన్ని చూశాక కూడా అనుమానమే.
అందుకే చేతికర్ర చివర
పాత రేడియో స్పీకరు అయస్కాంతం,
మేకవెంట్రుకల తాడుతో కట్టుకుంది.
టక్కున అంటుకుంటే ఆ నెల పంచదార,
ఇద్దర్‌కి చెప్పులు.
పంతొమ్మిదేళ్ళు ఆ కర్రే ఇల్లు నడిపింది.

ఒక సాయంత్రం ఆ కర్ర ఇద్దర్ చేతిలోంచి జారి
పొయ్యి మీద పడింది.
మూడు రాళ్ళలో ఒకటి
దాన్ని వదల్లేదు.

తూదా అత్తగారు ఏ దారిలోనో ఏరుకొచ్చిన రాయి.
ఆ నలుపు పొగదో నింగిదో
అన్నాళ్ళూ ఎవరడిగారు!

అగాదిర్ నుంచి తనీర్త్ వచ్చింది,
విశ్వవిద్యాలయం పిల్ల, మెడలో భూతద్దం.
చూసింది, మసి తుడిచి మళ్ళీ చూసింది.
"నాలుగువందల యాభై కోట్ల ఏళ్ళు దాటి ఉంటుంది, అమ్మమ్మా,
మన కొండలన్నీ దీని తర్వాత పుట్టినవే."
తూదా టీ వంచుతూ
"మరి ఇన్నేళ్ళూ నా కుండ కింద నోరెత్తలేదే" అంది.

అప్పుడు ఆ పిల్ల కళ్ళు కర్ర మీద పడ్డాయి.
కాసేపు మాట్లాడలేదు.
తర్వాత, తప్పు తనదే అయినట్టు, చెప్పింది:
ఈ రాళ్ళలో కొన్నింటికి జ్ఞాపకం ఉంటుందట,
సూర్యుడు పసివాడుగా ఉన్నప్పటి అయస్కాంతపు జ్ఞాపకం.
ఇనుపరేణువులు అప్పుడు ఎటు తిరిగి నిలిచాయో
ఇప్పటికీ అటే నిలిచి ఉంటాయి.
బయటి అయస్కాంతం ఒక్కసారి తాకితే చాలు,
పలక తుడిచినట్టే.

గుర్తుపట్టడానికి చాచిన చెయ్యే
గుర్తు చెరిపేసింది.

"ఎన్నింటికి?" అనడిగింది తూదా.
ఆ పిల్లకు తెలియదు. తూదాకు తెలుసు.
వేళ్ళు మడవడం మొదలుపెట్టి
రెండో చెయ్యి సగంలో ఆపేసింది.

పొయ్యిరాయిని కొంటామన్నారు. ఇవ్వలేదు.
తనీర్త్ బతిమాలలేదు.
కాగి చల్లారి, కాగి చల్లారి,
అది కొద్దికొద్దిగా
ఈ భూమి ఉత్తరాన్ని నేర్చుకుని ఉంటుందని మాత్రం అంది.
"నేర్చుకోదా మరి" అంది తూదా,
"కోడలై వచ్చినప్పుడు నాకు మాత్రం
ఈ హమాదాలో ఏ దిక్కు తెలుసు?"

అయస్కాంతం ఇప్పుడు గుడారంలో
సూదులు పారిపోకుండా పట్టుకుంటోంది.
ఉత్త కర్రతో నడుస్తోంది ఆమె.
ఇద్దర్ పరుగున వచ్చి
నల్లటిదొకటి అరచేతిలో పెట్టాడు.
తూదా కళ్ళు మూసుకుంది,
చెయ్యి రెండుసార్లు ఎగరేసింది.

"తేలిక."
విసిరేసింది.
మేకలు అప్పటికే చాలా దూరం పోయాయి.